రమ్మని పిలిచే ముందు

అనంతగిరి కొండల్లోని బొర్రాలో పుట్టినవి చాలావరకు కిందికి పోయేవే. గోస్తని నది ఇక్కడి గుహల దగ్గర మొదలవుతుంది. కొండలు దిగి, తాటిపూడి జలాశయంలో కాసేపు ఆగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖపట్నంలో పొద్దున్నే కుళాయి తిప్పే ఇల్లాలికి ఆ నీటిలో కొంత బొర్రా కొండలదని గుర్తుండదు. అడవిలో ఏరిన అడ్డాకులు, ఉసిరికాయలు, చింతపండు, తేనె, పెరట్లో పండిన పసుపు, పిప్పళ్లు అన్నీ సంతల దాకా, అక్కణ్నుంచి మైదానం దాకా దిగిపోతాయి. కొండ ఇస్తుంది, పల్లం పుచ్చుకుంటుంది. తరతరాలుగా ఇదే వరస.

గుహలకు దగ్గరలోనే రైలు స్టేషను. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా పోయే ఈ దారిని మా ప్రాంతంలో కేకే లైను అంటారు. విశాఖలో పొద్దున్నే బయల్దేరే ప్యాసింజరు శృంగవరపుకోట దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి... స్టేషను స్టేషనుకీ గాలి చల్లబడుతుంది, సొరంగం సొరంగానికీ పిల్లల కేకలు పెరుగుతాయి. 2017లో అద్దాల పెట్టె తగిలించాక చూడ్డానికని వచ్చేవాళ్లు మరీ ఎక్కువయ్యారు. కానీ ఈ లైను చూడముచ్చట కోసం వేసింది కాదు. 1960లో జపాను ఉక్కు మిల్లులతో కుదిరిన ఒప్పందం ప్రకారం బస్తర్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చాలి. అందుకోసం ఆ దశాబ్దంలోనే కొండల్ని తొలిచి, 50కి పైగా సొరంగాలు తవ్వి, సిమిలిగూడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి పట్టాలు ఎక్కించారు. ఈ పట్టాల మీద విదేశానికి బయల్దేరిన తొలి ప్రయాణికుడు ఇనుపరాయి. అది వెళ్లింది, కరిగింది, ఓడలూ కార్లూ వంతెనలూ అయింది. తిరిగి రాలేదు. రాయి తిరిగి రావాలని ఎవరూ ఎదురుచూడరు.

మనిషి కోసం ఎదురుచూస్తారు. పిల్లని చదువుకని విమానం ఎక్కించి వచ్చిన రాత్రి నుంచే ఇంట్లో ఒక ప్రశ్న కాపురం పెడుతుంది. చదువయ్యాక వస్తుందా, అక్కడే ఉండిపోతుందా? రమ్మనాలా, వద్దనాలా? 2023–24 విద్యా సంవత్సరంలో ఒక్క అమెరికాలోనే 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఆ ఏడు మనవాళ్లు చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చారు. అందులో తెలుగు పిల్లలు ఎంతమంది ఉంటారో ఊహించడానికి మన పట్టణాల్లో వీధివీధికీ వెలసిన కన్సల్టెన్సీ బోర్డులు చాలు. ఈమధ్య ఆ ఇళ్లలో మాట మారింది. చదువయ్యాక అక్కడ నిలబడడానికి దారి అనుకున్న హెచ్-1బి వీసాలు ఏటా 85,000 దగ్గరే ఆగిపోతాయి. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము కూడా వచ్చి పడింది. నిన్నటిదాకా కొడుకు ఇక రాడని దిగులుపడ్డ ఇంట్లోనే ఇవాళ వచ్చేస్తాడేమోనని దిగులు. బ్యాంకు అప్పు సగమైనా తీరలేదు. అడిగిన నలుగురికీ ఏం చెప్పాలో తెలియదు.

తరిమితే వచ్చిన రాక వేరు, తలుచుకుని వచ్చిన రాక వేరు. మొదటిదానికి కావలసింది ఓదార్పు, కొంత సాయం. నన్ను ఆలోచింపజేసేది రెండోది. అక్కడ ఉండగలిగీ ఇంటికి రావాలనుకునే పిల్లల సంగతి. వాళ్ల కోసం మన దగ్గర రెండు ఉపన్యాసాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కన్నతల్లి రుణం, పుట్టిన నేల రుణం గుర్తుచేసి రమ్మనేది ఒకటి. ఇక్కడ ఏముందని వస్తావు, నీ బతుకు నువ్వు చూసుకో అనేది ఇంకొకటి. మొదటిదానిలో ప్రేమ ఉంది, రెండోదానిలోనూ ప్రేమే ఉంది. అయితే రెండూ పిల్లవాడి మనసునే తూకం వేస్తాయి. వాడికి త్యాగబుద్ధి ఉందా, స్వార్థం ఉందా అని చూస్తాయి. వాడు దిగి వచ్చి కాలు మోపాల్సిన చోటు ఎలా ఉందో రెండూ చూడవు. ఆ చోటు గురించి ఆలోచించడానికి నాకు బొర్రా కంటే తగిన ఊరు కనిపించలేదు.

ఈ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టిన పిల్లకి పరాయిదేశం పాస్‌పోర్టుతో మొదలవదు. చిన్నప్పుడే, ఆశ్రమ పాఠశాలతో మొదలవుతుంది. ఇంట్లో మాట కువి కావచ్చు, కొండ భాష కావచ్చు, ఆదివాసీ ఒరియా కావచ్చు. బడి పుస్తకం మాత్రం తెలుగు. 2000ల మొదటి ఏళ్లలో ఈ భాషల్లో వాచకాలు తయారుచేసి, తల్లి మాటతో మొదలుపెట్టి తెలుగులోకి నడిపించే మంచి ప్రయత్నం ఒకటి జరిగింది. అన్ని బళ్లకూ చేరి ఉంటే ఎంత బాగుండేదో. ఆపైన అరకులోనో పాడేరులోనో ఇంటరు, విశాఖలో డిగ్రీ, అక్కడ మళ్లీ ఇంగ్లిషు. ఇన్ని సరిహద్దులు దాటాక గాని విమానాశ్రయం రాదు. ఒక్కో సరిహద్దు దగ్గరా ఇంటికి వెళ్లిపోదామా అన్న కోరిక కలుగుతుంది. ఎందరో పిల్లలు మొదటి సరిహద్దు దగ్గరే, హాస్టలు గోడ దగ్గరే, వెనక్కి తిరిగిపోయారు. చైత్రంలో ఇటుకల పండగకి ఊరొచ్చి థింసాలో చెయ్యి కలిపిన పిల్ల, సెలవులయ్యాక మళ్లీ బస్సెక్కిందంటే ఆ ఎక్కడం చిన్న నిర్ణయం కాదు.

అంత దూరం నడిచి వచ్చాక చివరి గుమ్మం మరీ ఇరుకు. గిరిజన విద్యార్థులు విదేశాల్లో పై చదువులు చదవడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులు దేశం మొత్తానికి ఏడాదికి 20. అందులో 3 మరీ బలహీన స్థితిలో ఉన్నవిగా గుర్తించిన పీవీటీజీ తెగలవారికి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గిరిజనులు 10 కోట్లకు పైనే. అన్ని కోట్ల నుంచి ఆ గుమ్మం దాటేది గుప్పెడుమంది. ఆ గుప్పెడులో ఒక్కరు తిరిగి వస్తే ఎంత లాభమో, రాకపోతే ఎంత లోటో కొండ మీద ఉన్నవాళ్లకి తెలిసినంతగా మనకి తెలియదు. మైదానంలో ఒక ఇంజినీరు రాకపోతే ఇంకో పదిమంది ఉంటారు. ఇక్కడ ఆ ఊరి నుంచి అంత చదివింది ఆ ఒక్క పిల్లే కావచ్చు.

అలాంటి ఒక అమ్మాయితో, వాళ్లమ్మతో బొర్రా స్టేషను బెంచీ మీద కాసేపు మాట్లాడే అవకాశం దొరికింది. అమ్మాయి యూరప్‌లో మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేస్తోంది. సెలవులకి వచ్చింది. "చదువయ్యాక వచ్చేస్తావా అమ్మా?" అని అడిగాను. పెద్దవాళ్లం ఎవరమైనా ముందు అడిగేది అదే కదా.

"రావాలనే ఉంది మాస్టారూ. చదువు చెప్పినవాళ్లూ రమ్మనే అన్నారు, శాలువా కప్పినవాళ్లూ రమ్మనే అన్నారు. వచ్చి ఏ బల్ల ముందు కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

వాళ్లమ్మ ఒళ్లో సంచి సర్దుకుంటూ, "దాని బూమి దానికుంది బాబూ, అదెక్కడికీ పోదు. ఉండాలో ఎల్లాలో అదే సూసుకుంటది" అంది.

బల్ల గురించి కూతురు అడిగింది. భూమి గురించి తల్లి చెప్పింది. ఇంటికి రావడం అనే విషయమంతా ఈ రెండు మాటల్లో ఇమిడి ఉందని నాకు అనిపించింది.

ముందు భూమి సంగతి. ఆ తల్లి అంత నిబ్బరంగా అదెక్కడికీ పోదు అనగలిగిందంటే వెనక ఒక చరిత్ర ఉంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక చట్టం వచ్చింది. 1970లో దాన్ని గట్టిపరిచారు. ఇక్కడ చదువురానివాళ్లు కూడా దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అనే పిలుస్తారు. అయినా బొర్రా రిజర్వు అడవిలో, దాన్ని ఆనుకున్న 14 గ్రామాల పరిసరాల్లో, గనుల లీజులు ప్రైవేటు కంపెనీల పేరు మీద నడిచాయి. ఈ సున్నపురాయి కొండల్లో కాల్సైటు ఉంది. గుహల్ని మలిచిన ఖనిజమే గుహల చుట్టూ ఉన్న ఊళ్లకి గండమైంది. అది ప్రభుత్వ భూమి, ప్రభుత్వం తనకిష్టమైన వాళ్లకి లీజుకిస్తే చట్టానికి అడ్డేమిటన్నది అప్పటి వాదన.

గ్రామస్తుల తరఫున సమత అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టుకి వెళ్లింది. 1995లో అక్కడ ఓడిపోయింది. సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1997 జులై 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి బదిలీ చేయకూడదన్న నియమం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, కాబట్టి ప్రభుత్వ భూమి అయినా సరే అలాంటి లీజులు చెల్లవని తేల్చింది. తవ్వాల్సి వస్తే గిరిజనుల సహకార సంఘాలో, ప్రభుత్వ రంగ సంస్థో తవ్వాలి. లాభంలో కనీసం 20 శాతం అక్కడి ప్రజల నీళ్లకీ బడికీ వైద్యానికీ దారులకీ నిధిగా ఉంచాలి. దేశంలో రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతాల గురించి ఎక్కడ మాటొచ్చినా ఈ తీర్పు పేరు వస్తుంది. గుహలు చూసి, బొంగు చికెన్ తిని, ఫొటోలు దిగి వెళ్లిపోయే మనలో చాలామందికి ఆ తీర్పు పుట్టింది ఈ నేల మీదేనని తెలియదు.

తీర్పులో ఎక్కడా విదేశీ విద్య ప్రస్తావన లేదు. నిజమే. కానీ ఆలోచిస్తే, ఆ రోజు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు అప్పటికి పుట్టని ఒక పిల్ల తిరిగి రావడానికి చోటు కాపాడారు. ఊరు గనిలో కలిసిపోయి ఉంటే ఆ పిల్ల రావాలనుకున్నా ఎక్కడికి వస్తుంది? నిర్వాసితుల కాలనీలో ఒక గది ఉంటుందేమో. ఇల్లు ఉండదు. పేరు పెట్టుకున్న చెట్టు, తాత చోడి జల్లిన వాలు, పండగనాడు దేవత దగ్గరికి నడిచిన బాట ఉండవు. తిరిగి వచ్చేవాళ్లని మనం పూలదండలతో పొగుడుతాం. ఎక్కడికీ వెళ్లకుండా ఊరిని నిలబెట్టినవాళ్లని పొగడడం మనకి తట్టదు. వాళ్లు లేకపోతే రాక అన్నదే ఉండదు.

ఐదో షెడ్యూలు మాట వచ్చింది కనుక ఒకరిని తలుచుకోవాలి. ఛోటానాగపూర్ ముండా తెగలో పుట్టిన జైపాల్ సింగ్ మిషనరీల తోడ్పాటుతో ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకి నాయకుడు. దేశం గుర్తుపెట్టుకున్నది ఆ బంగారు పతకాన్ని. ఆయన ఇంటికి చేరిన తీరు అంతకంటే గుర్తుపెట్టుకోదగ్గది. ఆయన ఇంగ్లండు నుంచి నేరుగా రాంచీకి రాలేదు. ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో పాఠాలు చెప్పారు. రాయపూర్‌లో రాకుమారుల కళాశాలలో పనిచేశారు. బికనీర్ సంస్థానంలో ఉద్యోగం చేశారు. 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షత వహించాక గాని తన మనుషుల మధ్య నిలబడలేదు. రాజ్యాంగ సభలో సభ్యుడై, ఆదివాసుల తరఫున ధైర్యంగా మాట్లాడి, ఐదో షెడ్యూలు చర్చల్లో పాలుపంచుకున్నారు. ఆ షెడ్యూలు నీడనే దశాబ్దాల తర్వాత బొర్రా గెలిచింది. ఇంటికి చేరడానికి కొందరికి ఓడ ప్రయాణం చాలదు, ఏళ్లు పడుతుంది. తిరిగి రావడంలో ఆలస్యం జరిగిందని ఎవరినీ తప్పుపట్టకూడదని ఆయన జీవితం చూస్తే అనిపిస్తుంది.

ఇక బల్ల సంగతి. ఆ ముండాల్లోనే మరో పెద్దమనిషి ఉన్నారు, రామ్‌దయాళ్ ముండా. రాంచీ దగ్గర దివురీ అనే పల్లెలో 1939లో పుట్టారు. షికాగో విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివి డాక్టరేటు పొందారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. మంచి ఉద్యోగం, గౌరవం, స్థిరమైన జీవితం. 1980ల మొదట్లో అన్నీ వదిలి రాంచీకి వచ్చేశారు. సొంత నేల మీద ఆయన ప్రేమ ఎంత గొప్పదో చెప్పుకునేవాళ్లు ఒక్క విషయం మరిచిపోతుంటారు. అప్పుడు రాంచీ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న కుమార్ సురేశ్ సింగ్ గిరిజన, ప్రాంతీయ భాషల కోసం ఒక శాఖ పెట్టాలని తలచి, దాన్ని నడపడానికి రమ్మని ఆయన్ని పిలిచారు. అంటే బల్ల వేసి పిలిచారు. ముండారి, సంథాలీ, కుడుఖ్ వంటి భాషలు విశ్వవిద్యాలయం గుమ్మం లోపలికి వచ్చి పాఠాలయ్యాయి. ఆ శాఖ నుంచి వచ్చినవాళ్లు తమ భాషల్లో ఉపాధ్యాయులు, రచయితలు అయ్యారు. తర్వాత ఆయనే ఆ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 2010లో పద్మశ్రీ వచ్చింది, మరుసటి ఏడు కన్నుమూశారు. చివరిదాకా డోలూ పాటా విడవలేదు. ఒక పిలుపు వెనక ఒక పని ఉంటే ఎంత దూరం నుంచైనా మనిషి వస్తాడనడానికి ఆయనే సాక్ష్యం.

మన విశాఖలోనూ అలాంటి బల్ల ఒకటి వేసిన రోజులున్నాయి. భీమవరం దగ్గర పల్లెలో పుట్టి, సన్యసించి, ప్రాగ్‌లోనూ లివర్‌పూల్‌లోనూ భౌతికశాస్త్రం చదివి, అమెరికాలో కూడా పరిశోధన చేసి వచ్చిన స్వామి జ్ఞానానందకు ఆంధ్ర విశ్వవిద్యాలయం అణుభౌతిక శాస్త్ర విభాగాన్ని అప్పగించింది. ఇవాళ్టికీ అక్కడి ప్రయోగశాల ఆయన పేరు మీదే ఉంది. అదే విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, 1948లో డాక్టరేటుతో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి తిరిగి వచ్చేశారు. అక్కడ మహలనోబిస్ కట్టిన సంస్థ ఆయన కోసం ఎదురుచూస్తోంది. ఆ తర్వాతి మూడు దశాబ్దాలు అక్కడే పనిచేశారు. ఉద్యోగ విరమణ వయసులో అమెరికా వెళ్లి మరో జీవితం గడిపారు. కాబట్టి తిరిగి రావడం, వెళ్లడం ఒకే జీవితంలో రెండూ ఉండవచ్చు. ఒకసారి వచ్చినవాళ్లు ఎప్పటికీ కట్టుబడి ఉండాలని గాని, ఒకసారి వెళ్లినవాళ్లు ఇక పరాయివాళ్లని గాని మనం గీత గీయనక్కర్లేదు.

అసలు రానే రానివాళ్లని ఏమనాలి? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. 1948లో న్యూయార్కులో కన్నుమూసేదాకా తిరిగి రాలేదు. ఇంటిదగ్గర భార్య ఎదురుచూస్తూనే ఉండిపోయింది. ఆ బాధని చిన్నది చేయడం నాకు చేతకాదు. అయితే ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. ఇవాళ అనంతగిరి కొండల్లో గర్భిణి ఇంటికి ఆశా కార్యకర్త నడుచుకుంటూ వెళ్లి ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. మనిషి రాలేదు, ఆయన చేసిన పని మన్యం దాకా వచ్చింది. అందుకే రానివాళ్లని కృతఘ్నులనడానికి నాకు నోరు రాదు. ఆ రోజుల్లో ఆయన చేయదలచుకున్న పనికి ఇక్కడ ప్రయోగశాల ఎక్కడుంది?

ఆ ప్రశ్న ఇవాళ కూడా అడగాలి. బొర్రా అమ్మాయి చదివే చదువు ఈ కొండలకి ఎంత అవసరమో కాఫీ తోటలు చెబుతాయి. కాఫీ ఈ నేలకి బయటి నుంచి వచ్చిన పంటే. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగలతో కలిసి స్థిరపడింది. గిరిజన కుటుంబాలు ఎకరం, రెండెకరాల్లో పండించిన గింజ ఇవాళ దేశాలు దాటుతోంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇదే కొండల మీదుగా విదేశం పోయిన ఇనుపరాయి ఊరూ పేరూ లేకుండా పోయింది. కాఫీ మాత్రం తన ఊరి పేరు చెప్పుకుని వెళ్లింది, ఆ పేరుకి తగ్గ ధర కొంతైనా రైతుకి తెచ్చింది. ఈ తేడా ఎక్కణ్నుంచి వచ్చింది? రాయి తవ్విన నేల మీద అక్కడివాళ్లకి మాట లేదు. తోట ఉన్న నేల రైతుదే. భూమి మనదైతే బయటికి వెళ్లినదానితో బంధం తెగదు. ఇది గింజకి ఎంత నిజమో బిడ్డకీ అంతే నిజం.

2025లో ఆ అరకు తోటల్లోనూ కాయతొలుచు పురుగు కనిపించింది. కాఫీ ఎక్కడ పండితే అక్కడికి వెతుక్కుంటూ వచ్చే పురుగు అది. పట్టిన కాయల్ని కోయించి పాతిపెట్టించారు. ఏడాది కష్టం మట్టిలో కప్పెడుతుంటే రైతు గుండె ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది, చింతపల్లిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానం ఉంది. అలాంటి చోట్ల, ఈ కొండల్లో పుట్టి ఈ కొండల మాట మాట్లాడే శాస్త్రవేత్త కూర్చుంటే ఏం జరుగుతుందో ఊహించుకోండి. పురుగు ఎప్పుడు కనిపించిందో, ఏ గట్టున ముందు కనిపించిందో, ఆ ఏడు వాన ఎలా పడిందో రైతు తన భాషలో చెబుతాడు. ఆమె దుబాసీ లేకుండా వింటుంది. ఆ వినడం ఏ దేశపు ప్రయోగశాలలోనూ దొరకదు. పరాయిదేశంలో ఆమె మంచి శాస్త్రవేత్తల్లో ఒకరవుతుంది. ఇక్కడ ఆమె చేయగలిగిన పని ఇంకొకరు చేయలేరు.

కానీ బల్లలు వాటంతటవే పుట్టవు. ఉన్న బల్లలు కూడా నిలవవు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని బడుల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 3వ నంబరు జీవో తెచ్చింది. బయటి ఉపాధ్యాయులు కొండెక్కలేక బడికి రాకపోవడం, వచ్చినా పిల్లల మాట అర్థంకాకపోవడం చూశాక తీసుకున్న నిర్ణయమది. విశాఖలో చదువుకున్న కొండపిల్లకి సొంత ఊరి బడిలో ఉద్యోగం వస్తుందన్న నమ్మకం అప్పుడు కలిగింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషను రాజ్యాంగం ఒప్పదన్నది కోర్టు మాట. న్యాయసూత్రాల మంచిచెడ్డలు న్యాయకోవిదులు చర్చిస్తారు. నాకు కనిపించేది బి.ఇడి. చేసి ఇంటికి వద్దామనుకున్న పిల్లలు. చదువు పూర్తిచేసుకుని ఊరి దారి పట్టే సమయానికి వాళ్ల బల్ల తీసేశారు. మన్యం మళ్లీ మళ్లీ ఆ ఉద్యోగాల కోసం రోడ్డెక్కుతోందంటే అది జీతం కోసమే అనుకోకూడదు. పిల్లలు ఇంటికి రావడానికి ఒక దారి ఉండాలని అడుగుతోంది.

వరి రైతుకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నారు పోసే మడి ఒకటి, నాటే మడి ఒకటి. ఏపుగా పెరిగిన నారు పీకి తెచ్చాక నాటే మడిలో నీళ్లు లేకపోతే రైతు నారుని తిట్టడు.

తిరిగి వచ్చినవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. ఇంటికి రావడమంటే వదిలి వెళ్లిన రోజుకి చేరడం కాదు. ఊరు మారి ఉంటుంది, తనూ మారి ఉంటుంది. నోటి మీద మాట తడబడుతుంది. చిన్ననాటి నేస్తానికి ఇద్దరు పిల్లలు ఉంటారు, నాయనమ్మ ఉండదు. ఊరి సమస్యలన్నీ తమ చదువుతో ఇట్టే తీరిపోతాయనుకుని వచ్చినవాళ్లు త్వరగా అలసిపోతారు. గ్రామసభలో కూర్చున్న ముసలాయనకి ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో తెలుసు, ఏ కాగితం మీద వేలిముద్ర వేయకూడదో తెలుసు. 1996లో వచ్చిన పెసా చట్టం గ్రామసభకి ఇచ్చిన హక్కుల్ని నిలబెట్టుకోవడానికి ఆ తెలివి కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా కోసం ఏళ్ల తరబడి తిరిగిన ఓపిక కావాలి. వచ్చినవాళ్లు ఉన్నవాళ్ల దగ్గర ముందు నేర్చుకుంటే, తాము తెచ్చిన చదువు అప్పుడు పనికొస్తుంది. ఉన్నవాళ్లు కూడా వచ్చిన పిల్లని అతిథిలా కుర్చీలో కూర్చోబెట్టి వదిలేయకూడదు. ఓడిపోయి వచ్చిందేమోనని చెవులు కొరుక్కోకూడదు. పనిలోకి పిలవాలి, తప్పు చేస్తే మందలించాలి, అలసిపోతే అన్నం పెట్టాలి.

ఆ అమ్మాయి వస్తుందో రాదో నాకు తెలియదు. వస్తే సంతోషిస్తాను. రాకపోతే ఆమె మనసు చిన్నదని అనుకోను. వాళ్లమ్మ అన్నట్టు ఉండడమో వెళ్లడమో ఆమె చూసుకుంటుంది. మనం చూసుకోవాల్సింది వేరే ఉంది. కొండల్లో పుట్టిన భాషల్ని చదివే, చదివించే చోటు ఒకటి మన విశ్వవిద్యాలయాల్లో ఉందా? తోటకి తెగులొస్తే పరిగెత్తుకొచ్చే శాస్త్రవేత్త ఉద్యోగం ఖాళీగా పడి ఉందా, భర్తీ అయిందా? డోలీలో మోసుకొచ్చిన రోగి దగ్గర నిలబడాల్సిన డాక్టరుకి ఆ ఊళ్లో ఉండడానికి ఇల్లుందా? విదేశంలో చేసిన పరిశోధన కొనసాగించడానికి ఒక సూక్ష్మదర్శిని, ఆగకుండా వచ్చే కరెంటు, రెండేళ్లకి సరిపడే నిధి ఇస్తామని చెప్పగలిగిన సంస్థ ఏదైనా ఉందా? ఇవి మైదానపు పిల్లల కోసమూ అడగాల్సిన ప్రశ్నలే. హైదరాబాదులోనో విజయవాడలోనో కొడుకు కోసం ఎదురుచూసే తల్లికీ జవాబు కావాలి.

బొర్రా చుట్టూ ఉన్న ఆ 14 గ్రామాల మనుషులు తమ వంతు ఎప్పుడో చేశారు. పెద్ద చదువులు లేకుండా, డబ్బు లేకుండా, కింద కోర్టులో ఓడి, పై కోర్టుకి వెళ్లి, పిల్లలు తిరిగి రావడానికి నేల మిగిల్చారు. ఆ నేల మీద బల్ల వేయడం వాళ్ల ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అది ప్రభుత్వాల పని, విశ్వవిద్యాలయాల పని, ఈ కొండల నీళ్లు తాగి ఈ కొండల కాఫీతో పొద్దు మొదలుపెట్టే మనందరి పని. బిడ్డల్ని ఇంటికి రమ్మని పిలిచే హక్కు వాళ్లకి చోటు మిగిల్చినవాళ్లకే ఉంటుంది. బొర్రా తల్లులు ఆ హక్కు సంపాదించుకున్నారు. మిగిలిన మనం ఇంకా సంపాదించుకోవాలి.